మూసిన ఇంట్లో తడిసిన కుండీ

"చూడుండ్రి సారూ, మల్ల ఏడుస్తుంది," అంది పోశవ్వ, కిటికీ రెక్కలోని చీలిక దగ్గర నుంచి ముఖం తీయకుండానే. "రోజూ గిదే వేళ. పొద్దు మంచిగ ఎక్కేదాక ఏడుస్తది, గప్పుడు ఆపుతది. అనసూర్యమ్మకు అన్యాలం జరిగింది. మనుషులు చెప్పంది గా చెట్టు చెప్తుంది."

"చెట్టు ఎవరి పేరు చెప్పింది?" అని అడిగాడు రామచంద్రం.

"పేరు వెట్టి చెప్తదా సారూ? మనమే సమజ్ చేస్కోవాలె." పోశవ్వ గేటు దగ్గర నిలబడిన కోడలు వినోద వైపు ఒక చూపు విసిరి, చెంగు సర్దుకుని పక్కకు జరిగింది.

కిటికీ అరుగు మీద పసుపు, కుంకుమ, ఎండిపోయిన కొబ్బరి చిప్ప ఉన్నాయి. వాడకట్టు ఆడవాళ్లు అప్పుడే దానికి మొక్కు చెల్లించడం మొదలుపెట్టారన్నమాట. రామచంద్రం వాటిని తాకకుండా వంగి, చీలికకు కన్ను ఆనించాడు.

లోపల ఇంకా చీకటి వీడలేదు. ఆ చీకట్లో మనిషి ఎత్తున ఒక ఆకుచెట్టు నిలబడి ఉంది. అరచేతికి రెండింతలున్న ఆకులు, వాటి మీద సున్నం చిలకరించినట్టు తెల్లని మచ్చలు. ప్రతి ఆకు కొనకూ ఒక నీటిబొట్టు వేలాడుతోంది. ఒకటి బరువెక్కి జారింది. ఆ వెంటనే దాని స్థానంలో మరొకటి ఊరడం మొదలైంది.

ముప్పై ఏళ్లు ఫోరెన్సిక్ ప్రయోగశాలలో ఉద్యోగం చేసి, రిటైరైన తర్వాత నలుగురి చిక్కులూ విప్పడం వ్యసనంగా చేసుకున్న మనిషి రామచంద్రం. దయ్యాలను ఆయన ఏనాడూ నమ్మలేదు. అయినా తెల్లవారుజామున మూసిన ఇంట్లోకి ఒంటికంటితో చూస్తున్నప్పుడు వెన్ను చల్లబడుతుందని, దానికీ నమ్మకానికీ సంబంధం లేదని ఆయనకు తెలుసు.

కరీంనగర్‌లోని ఆ ఇల్లు అనసూర్యది. రెండు నెలల కింద ఆమె లోపలి గదిలో పడి చనిపోయింది. ధనిష్ఠ నక్షత్రంలో ప్రాణం పోయిందని పురోహితుడు తేల్చాడు. ధనిష్ఠలో పోతే ఇల్లు ఆరు నెలలు విడిచిపెట్టాలి. దశదినకర్మ కాగానే కోడలు వినోద కట్టుబట్టలతో చెల్లెలి ఇంటికి వెళ్లింది, గడపకు అడ్డంగా తుమ్మకంప పడింది, తలుపుకు తాళం పడింది. తర్వాత నెల తిరగకుండానే చెట్టు ఏడవడం మొదలైంది. ఆ వార్త మస్కట్‌లో ఉన్న కొడుకు సాగర్ చెవిన పడింది. నా తల్లికి నా భార్యే ఆ చెట్టు ఆకుల రసం మజ్జిగలో కలిపి తాగించిందని అతడు ఫోనులో ఫిర్యాదు చేశాడు. మేనమామ భూమన్న దానిని కాగితం మీద పెట్టి సంతకం చేశాడు.

ఆ పూట వినోదను అరెస్టు చేయడానికి సీఐ కరుణాకర్ జీపుతో సహా వచ్చి గేటు ముందు నిలబడి ఉన్నాడు.

"అరగంట, రామచంద్రం సార్," అన్నాడు కరుణాకర్ వాచీ చూసుకుంటూ. "మీరు మా ల్యాబుల పెద్దమనిషి అని అరగంట. చెట్టు కండ్లు తుడుస్తరో, బుజ్జగిస్తరో మీ ఇష్టం. ఆ తర్వాత గీ అమ్మ మాతోని వస్తది."

"చెట్టు ఏడుస్తుందని మీరు కూడా ఎఫ్ఐఆర్‌ల రాసిండ్రా?"

"నేను అంత పిచ్చోన్ని కాను. చెట్టు సంగతి వాడకట్టుకు. నాకు కావాల్సింది నోరు వాచిన శవాన్ని చూసిన సాక్షులు. ముగ్గురున్నరు."

"ఆ ఆకుల రసంల సూదుల్లాంటి స్ఫటికాలు ఉంటయి. నాలుక మీద పడంగనే నిప్పు పెట్టినట్టయితది. గ్లాసెడు మజ్జిగ కాదు, ఒక్క గుక్క కూడా ఎవరూ మింగరు. ఉమ్మేస్తరు."

"ఆ మాట కోర్టుల చెప్పుండ్రి. టీయే, డీయే ఇస్తరు."

రామచంద్రం భూమన్న వైపు తిరిగాడు. భూమన్న చనిపోయిన అనసూర్యకు తమ్ముడు. పక్కిల్లే అతనిది; రెండిళ్ల మధ్య ఒక సన్నని సందు, పైన ఆనుకున్న డాబాలు. తాళంచెవి అతని చేతిలో ఉంది. అంతసేపటి నుంచీ దానిని అరచేతిలో తిప్పుతూనే ఉన్నాడు.

"మీ అక్క ఏ వేళకు పోయింది?"

"రాత్రిల. ఎనిమిది దాటినంక. ఆటోల దవాఖానకు తీస్కపోతుంటే తొవ్వలనే, నా చేతులల్ల."

"వినోద చూసేటప్పటికి ఏ వేళ?"

"నేను చెప్త సారూ," అంది వినోద గేటు దగ్గర నుంచి. "కుట్టు సెంటర్ బందుచేసి వచ్చిన. ఇంక దీపాలు పెట్టలే. అత్తమ్మ కింద పడి ఉన్నది. చేతులు అప్పటికే సల్లగైనయ్."

"నువ్వు డాక్టర్‌వా?" భూమన్న విసురుగా తిరిగాడు. "జీవం ఉండె."

"నువ్వొక్కనివే ఉన్నదన్నవ్ మామా. నేను ముక్కు కాడ ఏలు పెట్టి చూసిన."

"అయ్యగారికి ఏ వేళ చెప్పినవ్?" అని అడిగాడు రామచంద్రం.

"పోయిన వేళనే చెప్పిన. ధనిష్ఠ పడ్డదన్నడు. నేను పడమన్ననా? గా నక్షత్రం నా మాట ఇంటదా?"

"వినదు," అన్నాడు రామచంద్రం శాంతంగా. "తాళం తియ్యి."

తాళానికి అడ్డంగా సాలెగూడు పట్టి ఉంది. బొట్టు నూనె పోస్తే గాని చెవి తిరగలేదు. రెండు నెలలుగా ఆ తలుపు ఎవరూ తెరవలేదని చెప్పడానికి ప్రయోగశాల అక్కర్లేదు. కరుణాకర్ కూడా ఆ సాలెగూడును ఒక్క క్షణం చూసి, చూడనట్టు ముఖం తిప్పుకున్నాడు.

భూమన్న తలుపు నెట్టి వెనక్కి గెంతినంత పని చేశాడు. "నేను గడప దాట. ఆర్నెల్లు నిండలే."

రామచంద్రం తుమ్మకంపను చేతికర్రతో పక్కకు నెట్టాడు. సీఐ దాటాడు. వెనక నుంచి వినోద కూడా దాటింది. పోశవ్వ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

లోపల మొదట తగిలింది వాసన. రెండు నెలలు మూసిన ఇంట్లో దుమ్ము, ఎలుకలు, ముక్కిన బట్టలు వాసన వేయాలి. ఇక్కడ తొలకరి పడిన చెలక మట్టి వాసన వేస్తోంది. గోడ పొడవునా వరుసగా పెట్టిన చిన్న కుండీలలో మొక్కలన్నీ గడ్డిపరకల్లా ఎండి, ముట్టుకుంటే పొడి అయ్యేట్టున్నాయి. వాటి మధ్య ఆ మచ్చల ఆకుచెట్టు ఒక్కటే నిండుగా, నున్నగా, తడిగా నిలబడి ఉంది. ఎండిన వాటి ప్రాణమంతా అదే తాగేసినట్టు.

టప్ అని ఒక చుక్క గచ్చు మీద పడింది. కరుణాకర్ చెయ్యి అసంకల్పితంగా బెల్టు మీదికి పోయింది.

"బిందుస్రావం," అన్నాడు రామచంద్రం. "ఈ జాతి మొక్కలకు సహజమే. రాత్రి ఆకుల రంధ్రాలు మూసుకుంటయి, వేర్లు నీళ్లు గుంజుతనే ఉంటయి. ఎక్కువైన నీరు ఆకు కొసల నుంచి కారుతది. పొద్దెక్కంగనే ఆగుతది. పోశవ్వ కండ్లు తప్పు చూడలే, లెక్క తప్పు కట్టింది."

"అంటే దయ్యం లేదు. నేనూ అదే చెప్తున్న కదా."

"పూర్తిగ వినుండ్రి. మన్ను పొడిగ ఉంటే ఇది కారదు. నిండ నీళ్లు ఉన్నప్పుడే కారుతది."

మాట పూర్తయ్యేలోపే వినోద కుండీ దగ్గర మోకాళ్ల మీద కూర్చుంది. అలవాటు కొద్దీ చూపుడువేలు మట్టిలోకి దింపింది. వేలు కణుపు దాకా దిగబడింది. తీసేసరికి నల్లని బురద అంటుకుంది. చిన్న ఈగలు లేచాయి.

"అయ్యో, గింత తడి ఉంచుతరా?" అంది తనలో తాను అనుకుంటున్నట్టు. "పై మన్ను ఏలు మునిగేంత ఎండినంకనే పోయాలె. వేర్లు మురిగి వాసన వస్తుంది. ఎవలు పోసిండ్రు గిట్ల?"

ఆకు మీది తడి తుడవడానికి ఆమె కొంగు ఎత్తింది.

"ముట్టకు!" అన్నాడు కరుణాకర్. రామచంద్రం వైపు తిరిగి నవ్వాడు. "చూసిండ్రా సార్? ఇంట్లకు రాంగనే చెయ్యి ఏడికి పోయింది? మీరే రుజువు చేసిండ్రు, ఈ చెట్టుకు ఎవరో నీళ్లు పోస్తుండ్రని. మొక్కల పని తెలిసినోళ్లు ఈ ఇంట్ల ఇద్దరు. ఒకరు చచ్చిపోయిండ్రు. షుక్రియా సార్, నా కేసుకు ఒక గోడ తక్కువుండె, మీరే కట్టిండ్రు."

వినోద ముఖం తెల్లబోయింది. రామచంద్రం పెదవి కొరుక్కున్నాడు. తాను విప్పిన ముడి తాడై ఆమె మెడకే చుట్టుకుంటోంది. ఆ సంగతి ఆయనకు ఒక్క అడుగు ఆలస్యంగా అర్థమైంది.

"ఏ తొవ్వల వచ్చి పోసింది?" అని అడిగాడు. "ముందటి తాళం మీద సాలెగూడు మీరూ చూసిండ్రు."

"వెనుక తలుపు."

వెనుక తలుపుకు లోపలి నుంచి అడ్డగడియ. గడియ మీద దుమ్ము మందంగా, చెదరకుండా ఉంది. కరుణాకర్ దాన్ని చూసి వచ్చి మళ్లీ వాచీ చూసుకున్నాడు.

రామచంద్రం చెట్టు చుట్టూ తిరిగాడు. సగం తిరిగి ఆగిపోయాడు.

కిటికీ చీలిక తూర్పున ఉంది. పగలు ఆ గదిలోకి వెలుతురు వచ్చే దారి అదొక్కటే. కిందనున్న ముదురు ఆకులు నాలుగు వైపులా సమానంగా విచ్చుకుని ఉన్నాయి. కానీ పైన, ఈ రెండు నెలలలో పుట్టిన లేత ఆకులన్నీ కిటికీకి వీపు పెట్టి, పడమటి గోడలోని మూసిన తలుపు వైపు తిరిగి ఉన్నాయి. కాండం కూడా అటే ఒంగింది. లోపల నుంచి ఎవరో మెల్లగా మాట్లాడుతుంటే చెవి ఒగ్గి వింటున్న గుంపులా ఉన్నాయవి.

"వినోదా," అన్నాడు గొంతు తగ్గించి, "ఇది ఇట్ల ఒంగి ఉండెనా?"

"లేదు సారూ. అత్తమ్మ ప్రతి శుక్రారం కుండీని జర తిప్పేది. లేకుంటే వెలుగు ఎటుంటే అటే గుంజుకపోతది." ఆమె ఆ ఆకులు చూస్తున్న దిక్కుకు తానూ చూసింది. "గా తలుపెనుకనే అత్తమ్మ పడ్డ అర్ర."

ఆ తలుపు పైన ఒక గాజు వెంటిలేటర్ ఉంది. దాని వెనుక ఇప్పుడు చీకటే. రామచంద్రం కింద గచ్చు చూశాడు. హాలంతా దుమ్ము పరుచుకుని ఉంది. కుండీ నుంచి ఆ తలుపు దాకా మాత్రం ఒక చాప పరిచినంత మేర శుభ్రంగా మెరుస్తోంది.

కరుణాకర్ తలుపును భుజంతో నెట్టాడు. కదల్లేదు.

"గా అర్ర జోలికి పోకుండ్రి!" బయటి నుంచి భూమన్న కేక వేశాడు. గొంతు కీచుగా విరిగింది. "వానలకు చెక్క ఉబ్బి బిగుసుకున్నది! అండ్ల ఏం లేదు!"

రామచంద్రం తలుపుకు చెవి ఆనించలేదు; ఆనించాలని ఉన్నా ఆపుకున్నాడు. అవతల ఏ చప్పుడూ లేదు. ఖాళీ గదిలో ఉండే నిశ్శబ్దానికి, ఒక మనిషి ఊపిరి బిగబట్టిన నిశ్శబ్దానికి తేడా తెలుస్తుందా? తెలియదనే ఆయన బుద్ధి చెప్పింది. మెడ మీద నిక్కబొడుచుకున్న వెంట్రుకలు మాత్రం ఆ మాట ఒప్పుకోలేదు.

"ఈ చెట్టంటే ఎవరికి పాణం?" అని వినోద చెవిలో అడిగాడు.

"అత్తమ్మకు. ఆయన గల్ఫ్‌కు పోయిన ఏడు నాటింది. రోజూ ఫోన్‌ల ఆయనకు చూపిచ్చేది. నీ తోటిదిరా ఇది, నువ్వు వచ్చేదాక ఎండనియ్య అని."

రామచంద్రం కొద్దిసేపు కళ్లు మూసుకున్నాడు. తెరిచి, గోడలు వినేంత గట్టిగా అన్నాడు:

"సరే కరుణాకర్. మీరే గెలిచిండ్రు. ఈమెను తీస్కపోండి."

"సారూ!" వినోద గొంతు పగిలింది. "మిమ్ముల నమ్ముకొని వచ్చిన సారూ!"

ఆయన ఆమె వైపు చూడలేదు. చూస్తే ముఖం దాచుకోలేడు. తానే సీఐ మణికట్టు పట్టుకుని, గట్టిగా నొక్కి, గుమ్మం దాటించాడు.

ముందటి తాళం చప్పుడయ్యేలా వేశారు. బయట రామచంద్రం గొణిగిన నాలుగు మాటలకు కరుణాకర్ కనుబొమలు ముడిచాడు గాని, భూమన్న చేతిలోని ఫోను తీసుకుని అతన్ని జీపు ఎక్కించాడు. లేడీ కానిస్టేబుల్ ప్రవళిక అతని పక్కన కూర్చుంది. జీపు పెద్దగా చప్పుడు చేస్తూ వాడకట్టు దాటిపోయింది. వినోద సందులోకి తప్పుకున్న సంగతి ఎరగక, ఆమెను తీసుకుపోయారనుకుని జనం చెదిరారు. పోశవ్వ కూడా ఇంటికి నడిచింది.

సందు మొదట్లో ముగ్గురు మిగిలారు.

"చెప్పుండ్రి," అన్నాడు కరుణాకర్ పళ్ల మధ్య నుంచి. "తలుపు పగలగొట్టనియ్యక నాటకం ఎందుకు?"

"పగలగొడితే మీకు ఒక మనిషి దొరుకుతడు. నిన్ననే వచ్చిన, అమ్మను తలుచుకొని లోపల పడుకున్న అంటడు. ఏం చేస్తరు? ఓదార్చి ఇంటికి పంపుతరు."

"ఏ మనిషి?"

"పురోహితున్ని నిన్న అడిగిన. ఆ రోజు రాత్రి ఏడు దాకా శ్రవణం. శ్రవణంల పోతే ఇల్లు విడిచేది లేదు. వినోద దీపాలకు ముందే చల్లబడ్డ చేతులు చూసింది. భూమన్న శవాన్ని ఆటోల తిప్పి, ఎనిమిది దాటించి, ధనిష్ఠల పడేసిండు. నక్షత్రాలను నేను నమ్మ. కానీ నమ్మేటోళ్ల ఇంట్లకు ఆర్నెల్లు ఈగ కూడ రాదని లెక్క కట్టినోన్ని నమ్ముత."

కరుణాకర్ మొండిగా అన్నాడు: "భూమన్ననే డాబా మీదికెళ్లి దిగి నీళ్లు పోస్తుండొచ్చు."

"అన్నం అట్లనే దిగుతుండొచ్చు. కానీ వచ్చిపోయేటోడు గంటల కొద్దీ కరెంటు బుగ్గ వెలిగించుకొని కూసోడు. ఆ ఆకులు ఒంగింది రెండు నెలల రాత్రుల వెలుగుకు. ఆ అర్రల ఎవరో బతుకుతుండ్రు. మీటరు చూద్దామంటే రెండిండ్లకూ ఒకటే. మొక్కల పని తెల్వదు, అందుకే ముంచి చంపుతుండు. ఎండితే మాత్రం చూడలేడు. మిగిలినవన్నీ ఎండినా సరే, ఆ ఒక్కటి."

వినోద చేయి నోటి మీదికి వెళ్లింది. ఆమెకు సీఐ కంటే ముందే అర్థమైంది.

"గాయన మస్కట్‌ల ఉన్నడు సారూ," అంది. తనను తాను బతిమాలుకుంటున్నట్టుంది ఆ గొంతు. "మొన్న గూడ మాట్లాడిండు. డ్యూటీ ఉన్నదన్నడు."

"వాట్సాప్‌కు సముద్రం అడ్డం కాదమ్మా. తల్లి పోయిన నాడు ఈడ లేనోనికి దాక్కునే పని లేదు. కరుణాకర్, మీ ఫిర్యాదుదారుకు శుభవార్త చెప్పుండ్రి."

వాళ్లు సందులోకి నడిచారు. లోపలి గది కిటికీకి లోపల నుంచి నల్లని కవరు అంటించి ఉంది. పైన ఒక అద్దం ముక్క విరిగి, చేయి పట్టేంత సందు మిగిలింది. కరుణాకర్ ఫోను స్పీకరును అతి తక్కువకు తగ్గించి, నెంబరు నొక్కాడు. మూడు తలలు దగ్గరయ్యాయి.

చాలాసేపు మోగింది. చివరికి ఎవరో ఎత్తారు.

"సార్, నమస్తే," అన్నది ఫోను.

అంతకు అరక్షణం ముందు గోడ అవతల నుంచి, నిద్ర లేని బొంగురు గొంతు అదే మాట అన్నది. ఒకే మనిషి తన మాటను తానే వెంటాడుతున్నట్టు, ప్రతి మాటా రెండుసార్లు వచ్చింది.

కరుణాకర్ పోలీసు గొంతు తడబడలేదు. "సాగర్, ఏడున్నవయ్యా?"

"మస్కట్‌ల సార్. క్యాంపు రూంల. ఇంక తెల్లారలే ఈడ."

"నీ పెండ్లాన్ని పట్టుకున్నం."

"మంచి పని చేసిండ్రు సార్." గొంతు వణికింది, రెండు చోట్లా వణికింది. "ఇడువద్దు సార్ దాన్ని. మా అమ్మను పొట్టన పెట్టుకున్నది. నేను దగ్గరుంటే గిట్ల కాకపోవు. అమ్మ పోంగ నేను సూడన్న సూడలే సార్..."

వినోద అప్పటిదాకా గోడకు ఆనుకుని ఉంది. మస్కట్ అన్న చోటి నుంచి ఆమె మొగుడు ఏడుస్తున్నాడు. ఆ ఏడుపు ఆమె చెవికి మూరెడు దూరంలో, నల్లని కవరు వెనుక ఉంది. రామచంద్రం ఆపబోయాడు. ఆమె ఆయన చేతిని పక్కకు తీసి, ముందుకు జరిగి, వేలి కణుపులతో కిటికీ అద్దం మీద తట్టింది. మెల్లగా, ఇంటి తలుపు తట్టినట్టే, మూడుసార్లు.

గోడ అవతల ఏడుపు తెగిపోయింది.

ఆ నిశ్శబ్దంలో, అరక్షణం ఆలస్యంగా, సీఐ అరచేతిలోని ఫోను నుంచి అవే మూడు దెబ్బలు వినిపించాయి.